గొంగడి తెర

రిజిస్టర్ల ఏడు క్లబ్బులుండె మా బడికి.
తనిఖీకి ఎవరన్న వస్తే
సైన్సు క్లబ్బు తరఫున పగిలిన బీకరొకటి బెంచెక్కేది,
హరిత క్లబ్బుకు రెండు వేపమొక్కలు.
మిగతావన్నీ సంతకాలే.
నాటకం ఒక్కటే నిజం,
అదన్నా మొయిన్ సార్‌కు
శనివారాలు రూముకు పోబుద్ధి గాక.

లెక్కల సారు. మల్లేపల్లిల కిరాయికుంటుండె.
సైకిల్ క్యారియర్‌కు హార్మోనియం కట్టుకొని వచ్చేది.
దాంట్ల నడిమి పంచమం మూగది.
అది పలకాల్సిన కాడ సారే నోటితోని
"ప" అనేది,
దశాంశ బిందువు పెట్టినంత జాగ్రత్తగ.

తెర లేదు.
కుర్మోళ్ల లింగస్వామి వాళ్ల తాత గొంగడి తెచ్చి
ఎనిమిదో తరగతి దర్వాజకు కట్టిండు.
దాని వెనక నేను.
రూళ్ల నోటుబుక్కు, మసక వెలుగు, ముక్కునిండ గొర్ల వాసన.
అందించుడు నా పని.
నలుగురి మాటలు నోటికొచ్చు,
నాకంటూ ఒక్క మాట లేదు.
పొమ్మని ఎవరనలే.
మా ఊరి బోరింగు నీళ్లు నా పళ్ల మీద గీసిన గారలు జూసి
నేనే పోయి నిలబడ్డ.

ఆట పేరు 'బోరు'. సారే రాసిండు.
రైతు వేషం సైదులుకు.
వాళ్ల చెల్కల మూడు బోర్లు దుమ్మే ఎగజిమ్మినయి.
"నీకు అలవాటే గద" అన్నడు లింగస్వామి.
ఎవ్వరం నవ్వలే.

చిందు భిక్షమయ్య తాత ఒకపొద్దు
రాత్రి ఆటల పూసుకున్న అర్దళం చెవుల ఎనక మిగిలుండంగనె వచ్చి
బడి గేటు కాడనే ఆగిండు.
సారు చెయ్యి వట్టుకొని తోల్కొచ్చిండు.
తాత మాటలేమీ నేర్పలే.
సైదులు మడిమెను తన అరచేతిల వెట్టుకొని
"ముందుగాల ఇది అడగాలె బిడ్డా, తర్వాతనే నోరు"
అని, చాయ తాగి పోయిండు.

దేవరకొండల పోటీ.
మైకు తెచ్చి సరీగ మా గొంగడి పక్కకే ఏలాడదీసిండ్రు.
నాకేం ఎరుక?

ఆఖరి రంగం. రిగ్గు ఆగింది.
సైదులు అనాల్సింది రెండే మాటలు.
అనలే.
"నీళ్లు పడ్డయి" అందించిన.
హాలంతా మోగింది నా గొంతు.
ముందు వరుసల ఎవరో కిసుక్కుమన్నరు.
భయానికి మళ్ల అన్న, ఇంకింత గట్టిగ,
"నీళ్లు పడ్డయి, సైదులూ, నీళ్లు పడ్డయి."

వాడు నా దిక్కు జూడలే.
మోకాళ్ల మీద కూసోని
స్టేజీ చెక్కలకు చెవి ఆనిచ్చిండు,
నా మాట అండ్లకెల్లే వచ్చినట్టు.
ఎంతసేపు విన్నడో.
ఫ్యాన్ల చప్పుడు లెక్కపెట్టొచ్చు.
అప్పుడు తలెత్తి, మామూలుగ,
పొద్దుగూకి ఇంట్ల అమ్మకు జెప్పినట్టు జెప్పిండు:
"గొంతే వచ్చింది. తడి రాలే."

హార్మోనియం మీద సారు చేతులు లేసినవి లేసినట్టే.
పంచమమే గాదు, ఏదీ మోగలే.

మాకు స్టీలు గిలాసలిచ్చిండ్రు, పాల్గొన్నందుకు.
కాయితం మీద రాసుండె:
అందింపు వినబడినది, రెండు మార్కులు కోత.
ముగింపు ప్రతి ప్రకారం లేదు, మూడు.

ఆఖరి బస్సు. పైన హార్మోనియం,
గుంత గుంతకు ఊపిరి ఇడుస్తుంది.
సైదులు కిటికీకి తలపెట్టి నిద్ర, లేదా నిద్ర నటన.
సారు నా నోటుబుక్కు అడిగి తీసుకొని
ఆఖరి మాట మీద ఎర్ర గీత కొట్టిండు,
సైదులు మాట రాసిండు,
తప్పు దిద్దుకున్న పిలగాని తీర్గ పక్కన తారీకు వేసిండు.
తర్వాత మొదటి పేజీ తిప్పి,
నాలుగు పాత్రల కింద అయిదో అంకె వేసి
పెన్ను ఎత్తి పట్టుకొని అడిగిండు,
"నీ పాత్రకు ఏం పేరు రాయాలె, అండాలూ?"

నోరు తెరిచిన, చెయ్యి అడ్డం పెట్టుకోవుడు మరిచి.
అందించేటోళ్లు ఎవ్వరు లేరు.