అరచేతిలో ధర

తెలవి సంతలో వాన వెలిసింది.
రేకుల కింద నుంచి నాజిబ్రోల
కత్తిమొన మీద తెల్లటి ముక్క అందించింది.
జున్నే అనుకుంది నాలుక,
బెల్లం కోసం, మిరియపు ఘాటు కోసం వెతుక్కుంది.
ఉప్పు!
కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి.

ఆమె పగలబడి నవ్వి
టమాటాను చేత్తోనే చీల్చి,
మట్టిబాన లోపలి గోడకు కాలిన రొట్టె తుంచి
ఇప్పుడు తిను అన్నట్టు గడ్డం ఎగరేసింది.
బాగుందనడానికి
నా దగ్గర ఆ భాషలో మాట లేదు.
ఇంకో ముక్కకి చెయ్యి చాపాను.

కాగితం దొరక్క
ఆ చేతిలోనే పెన్నుతో రాసింది:
ఎనిమిది.

బస్సు కొండ ఎక్కకముందే
పొట్లం ఖాళీ.
రాత్రి బసలో చేతులు కడుక్కుంటూ
ఆ ఒక్క అంకె మీదికి
సబ్బు పోనివ్వలేదు.