పడే తలుపు

తలుపు చేసింది నేనే.
మూడంగుళాల చక్రాలు, పలచటి ప్లైవుడ్డు,
వెనక ఆనించడానికి రెండు ఇసుక సంచులు.
డ్యూబ్యూక్‌లో ఆ రాత్రి ఒక సంచి
లారీలో మరిచిపోయిందీ నేనే.

మిసిసిపీ మీంచి గాలి లేచింది.
నెమ్మది పాట నడుమ, బాకాలన్నీ
గొంతు తగ్గించుకున్న చోట
తలుపు ముందుకు తూలింది.
రోవెనా, మెలోఫోన్ ఊదే పిల్ల,
భుజం అడ్డం పెట్టింది.
స్వరం పోలేదు, అడుగు తడబడలేదు,
తలుపు బరువంతా మోస్తూనే
తన వంతు పాట తను ఊదేసింది.

రాత్రి ఒంటిగంట. హైస్కూలు జిమ్ము నేల మీద
నూట యాభైమంది పిల్లల నిద్ర.
వంటబండి మెట్ల మీద డెల్ఫీన్,
చెవిలో జడ్జి వెర్నన్ కొవాల్‌చిక్ టేపు.
డిజైన్ ఆమెది. జూన్ నుంచి
ముగింపు నాలుగుసార్లు మార్చింది.
మా నాన్న ఊదిన రోజుల్లో
తిన్నటి గీతల్లో నడిస్తే చాలు.
ఇప్పుడు నేల మీద దొర్లాలి,
మైకులో గుసగుసలాడాలి,
తలుపులు కావాలి.
తలుపులు కావాలి కాబట్టే నేనున్నాను, అదీ నిజమే.

ఒక ఇయర్‌ఫోన్ నాకిచ్చింది.
"ఎడమ వరస బాగుంది...
ఈ ఎరుపెందుకో నాకింకా తెలియలేదు...
ఆ..."
తర్వాత ఏమీ లేదు.
పదకొండు సెకన్లు.
జనంలో ఎవరిదో దగ్గు, దూరంగా పడవ కూత,
జడ్జి ఊపిరి.

వెర్నన్ పాతకాలం మనిషి.
వెనకటికి మైదానంలోకే దిగి
డోళ్ల పక్కన మోకాళ్ల మీద కూచుని
పుల్ల తప్పితే ఒక గీత, మడమ తప్పితే ఒక గీత,
గీతకి పదో వంతు కోసినవాడు.
నిండు కుండతో మొదలెట్టి
చిల్లులు లెక్కపెట్టడమే అప్పట్లో తీర్పు.
ఇప్పుడు పైన గాజుగదిలో కూచోబెట్టి
ఖాళీ కుండ చేతికిచ్చి
ఎంత నిండిందో చెప్పమంటున్నారు.
"చిల్లు కనబడినంత తేలిగ్గా
నీళ్లు కనబడవమ్మా" అన్నాడట ఒకసారి.

మర్నాడు పొద్దున్నే డెల్ఫీన్ వచ్చి
"తలుపు రోజూ పడాలి" అంది.
బందులు వదులు చేశాను, తాడు కట్టాను.
ఎనభై ఏడో గుర్తు, ఆరో లెక్క:
ఇగ్నేషియో తాడు లాగుతాడు,
తలుపు తూలుతుంది,
రోవెనా భుజం పెడుతుంది.
ఎండలో ముప్పైసార్లు. మొదటికి. మళ్లీ.
లా క్రాస్‌లో జనం లేచి నిలబడ్డారు.
రాక్‌ఫర్డ్‌లో మూడు పదో వంతులు పెరిగాయి.
పిల్ల భుజం మీద మచ్చ
వంకాయ రంగు, పసుపు, మళ్లీ వంకాయ.
తలుపు అంచుకి స్పాంజి అతికించాను.
డెల్ఫీన్‌కి చెప్పలేదు.

ఆగస్టు. మాసిలన్, ఒహాయో. మళ్లీ వెర్నన్.
వంటబండి మెట్లు, రెండు చెవులు, ఒకే టేపు.
"తలుపు. సరిగ్గా సమయానికి. శుభ్రంగా ఉంది.
అమ్మాయి తన పని చక్కగా చేసింది.
ఇక కుడివైపు ట్యూబాలు..."
ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతూనే ఉన్నాడు.
మార్కులు ఎక్కువే వేశాడు,
డ్యూబ్యూక్ కన్నా చాలా పైన.
డెల్ఫీన్ ఆ చోటు మూడుసార్లు వెనక్కి తిప్పి వింది,
తాళంచెవి కోసం
ఖాళీ జేబే మళ్లీ మళ్లీ తడుముకున్నట్టు.

"సంచులు కట్టెయ్" అంది.

రెండూ కట్టాను. లెక్కపెట్టి మరీ.
ఇప్పుడు తలుపు నిలబడే ఉంటుంది.
రోవెనా దాని పక్కనే ఊదుతుంది.
ఆరో లెక్క దగ్గర మాత్రం
భుజం తనంతట తానే కాస్త లేస్తుంది.
ఏ కాగితంలోనూ అది రాసి లేదు.
డెల్ఫీన్ చూసింది. నేనూ చూశాను.
దిద్దుదామని ఇద్దరం అనలేదు.