మూడో గీత

పొద్దుగాల ఏడింటికి మా తెలుగు ఆరాధన.
పదింటికల్లా ఖాళీ చెయ్యాలె, మరాఠోళ్లొస్తరు.
బల్లార్షాల మా రెండు సంఘాలకు గుడి ఒక్కటే,
గంట ఒక్కటే: రైలు పట్టా ముక్క.
కొడితే బొగ్గు సైడింగు దాక వినబడ్తది.

మే నెల. వర్ధా నదిల నీళ్లకన్న ఇసుకే ఎక్కువ.
నెత్తి మీద ఆరు పంకాలు,
ఒక్కో రెక్క మీద ఎర్ర రంగుల
ఎలీషా టేకేదారు కుటుంబం, ప్రేమతో.
తిరిగినంత సేపు పేరు కనబడదు.
కరెంటు పోతే అందరం చదువుకుంటం.

కొత్త అయ్యగారు నతానియేలు
గడ్డం కూడ సరిగ రాని పిలగాడు,
ద్రాక్షతోట కూలోళ్ల ముచ్చట తీసిండు.
తెలిసిన ముచ్చటే.
పొద్దుమీకి వచ్చినోనికి సుత రోజు కూలి.
ఇదివరకటి అయ్యగార్లు ఆరుగురు
దాన్ల నుంచి పరలోకం తీసి చూపెట్టిండ్రు.
ఈయన తియ్యలే.
"ఆ తోటాయన పొద్దు గూకంగనే పైసలిచ్చిండు" అన్నడు.
"పొద్దు గూకంగనే" అని మళ్లొక్కసారి అన్నడు.
ఆడోళ్ల చాపల దిక్కు తిరిగి
"మన సైడింగుల పొద్దెప్పుడు గూకుతదమ్మా?" అనడిగిండు.

ప్రసంగంల అడిగేదానికి
జవాబు చెప్పే ఆనవాయితీ లేదు.
లేయమ్మ చెప్పింది.
కొంగుతోని మూతి తుడుచుకోని,
కూసున్నకాన్నుంచే:
"హోళి కాన్నుంచి గూకలే, అయ్యగారూ."

ఎవరో పిల్లలు కిసుక్కున నవ్విండ్రు.
ముందు వరుసల ఎలీషా సేటు గడియారం జూసుకున్నడు.
కరెంటు పోతే బాగుండనిపించింది,
నా సూపు పెట్టుకోను ఏదన్న ఒకటి దొరుకునని.
పోలే.

నేను రెండో వరుసల.
సేటు దగ్గర మున్షీని, పదకొండేండ్లాయె.
గుడికి ఖజాంచిని, తొమ్మిదేండ్లు.
రెండు కొలువులకు ఒకటే పెన్ను.

ఆరాధనైనంక వెనక అర్రల
ఊదారంగు ముఖ్మల్ సంచి బోర్లించిన.
నోట్లు ఒకదిక్కు, చిల్లర ఒకదిక్కు.
చిల్లరల కలిసి
రూపాయి బిళ్లంత మడిచిన కాయితాలు.
విప్పిన.
హాజిరీ చిట్టీలు.
తారీకు, వాగన్ నంబరు, బొగ్గు వేలిముద్ర,
కింద ఒక మాట: బాకీ.
ముప్పై ఒకటి.
కానుకలేసే దినం వట్టి చేతులతోని రావద్దని
మేమే గదా నేర్పింది.

అక్షరాలు జూస్తున్న.
ఆ బా తోకను అట్ల కుడిదిక్కు గుంజేది
ఈ ఊర్ల ఒక్క మనిషే.

సేటు లోపటికొచ్చిండు. సెంటు వాసన.
"ఎంతొచ్చింది?"
"రెండు వేల నాలుగు వందల పది."
మిగిలింది నా మోచెయ్యి కింద ఉంది.
"పిలగాడు మంచోడే గని, ఈడ ఇమడడు.
సిరోంచకు మార్పియ్యమని కమిటీకి ఉత్తరం రాయి.
నీ దస్తూరి ముద్దుగుంటది."
నా భుజం తట్టి, తెల్ల కాయితం పెట్టిపోయిండు.

కిటికీల నుంచి జూస్తే
ఆడోళ్లు గేటు దాటుతున్నరు.
ఆదివారం తెల్లచీరెలు,
ఎన్ని ఉతుకులైనా అంచుల కాడ పోని నలుపు.
లేయమ్మ ఒక్కసారన్న ఎనక్కి జూస్తదనుకున్న.
చెప్పుల రాయి దులుపుకోని పోయింది.

గుడి లెక్కబుక్కుల రెండే గీతలు,
జమ, ఖర్చు.
చిట్టీలు దేంట్ల రాస్తరు?
జమ అందామంటే వచ్చింది లేదు.
ఖర్చు అందామంటే
అయింది మాది కాదాయె.

స్కేలు దొరకలే.
పాటల బుక్కు అంచు పెట్టి
మూడో గీత గీసిన. వంకరొచ్చింది.
దాని నెత్తి మీద ఏం పేరు రాయాల్నో తెలువక
ఖాళీ ఇడిసి, కింద మొదలువెట్టిన:
లేయమ్మ. నలభై రెండు హాజిరీలు.

బయట మరాఠోళ్లు చెప్పులిడుస్తున్న చప్పుడు.
గంట కొట్టే దామూ తలుపు తట్టిండు,
"ఝాలం కా, భావూ?"

కాలే, అన్న.
ముప్పై ఒకటిట్ల ఇది మూడోది.