జానెడు ఎత్తు

రాజమండ్రి షోరూములో కుర్రాడు
మూడు కార్లు చూపించాడు.
ఒకదానికి పైకప్పు తెరుచుకుంటుంది,
ఒకదానికి సీటు చల్లబడుతుంది,
మూడోది మనం మాటాడితే జవాబు చెబుతుంది.
నేనడిగింది ఒకటే:
"పొట్ట నేలకి ఎంతెత్తు బాబూ?"

అంకె చెప్పాడు, మిల్లీమీటర్లలో.
నూకరాజు వంగి జానతో కొలిచాడు,
పదకొండేళ్ళు ఐసు వ్యాను తోలిన చెయ్యి.
"జానెడన్నా లేదమ్మా. సఖినేటిపల్లి రేవులో
పంటెక్కేటప్పుడు గీరుకుపోద్ది."
రెండోదానికి తలూపాడు, సగమే.

డిక్కీలో రెండు థర్మాకోల్ పెట్టెలు పడతాయి.
మూడోది పట్టదు.
పట్టక్కర్లేదు. రొయ్యలు వ్యానులో వెళతాయి,
ఇందులో వెళ్ళేది నేను.
పైకే అన్నాను కాబోలు,
నూకరాజు అటు తిరిగి నవ్వాడు.

మీగడ రంగు తోలు సీటు.
కూర్చోబోతుంటే కుర్రాడి చూపు నా కుచ్చిళ్ళ మీద పడింది.
అప్పట్లో నరసాపురం బస్సులో కండక్టరు
తట్టనీ నన్నూ కలిపి వెనక మెట్టు దగ్గర నిలబెట్టి
ముక్కు ముడుచుకుని టిక్కెట్టు చింపేవాడు.
చిల్లర మాత్రం సరిగ్గా ఇచ్చేవాడు, అబద్ధం చెప్పకూడదు.

బేరం గంటన్నర పట్టింది.
కిలోకి రూపాయి దగ్గర తెల్లార్లూ నిలబడ్డదాన్ని,
నలభై ఎనిమిది లక్షల దగ్గర తొందరేంటి?
మ్యాట్లూ, రెండేళ్ళ సర్వీసూ రాబట్టాను.
అడుగున తుప్పు పట్టని పూత కూడా; మాది ఉప్పుగాలి.

సంతకాలయ్యాక అడిగాను:
"లోపల ఈ కొత్త వాసన ఎన్నాళ్ళుంటది?"
"ఆర్నెల్లు మేడం. పోకుండా స్ప్రే కూడా ఇస్తాం."
"వద్దు నాయనా.
ఎల్లుండికల్లా నా వాసనొచ్చేస్తది."

నూకరాజు చెప్పులు బయట విప్పి
స్టీరింగు ముందు కూర్చోబోయాడు.
తొడుక్కోరా, అన్నాను.