ఖాళీ ముక్కోణం

దాలినాయుడి పాతినప కొట్లో
సైకిళ్ళు సైకిళ్ళుగా ఉండవు.
చక్రాలొక చోట, గొలుసులు సిమెంటు గోనెలో,
ఫ్రేములు మాత్రం గోడ మేకులకి
తీగ మీద ఎండేసిన సావిడాయిల్లా.

నా దగ్గరొక ఇంజనుంది.
చెరకు తోటలకి మందు కొట్టి కొట్టి
ముగ్గురి భుజాలు మారిన మిషనుది.
తాడు లాగితే మూడోసారికి పలుకుతుంది.
దానికో ఒళ్ళు కావాలి.
తెల్లారి నాలుగింటికి రస్కుల డబ్బా కట్టుకుని
విజయనగరంలో బయల్దేరితే
చీపురుపల్లి చేరేలోపు పదకొండు ఊళ్ళు.
నా కుడి మోకాలు ఏడో ఊరు దగ్గరే
దిగిపోతానంటోంది.

"ఇదట్టుకెళ్ళు, ఎలా మెరుస్తున్నాదో సూడు" అన్నాడు నాయుడు.
అల్యూమినియంది. చిటికెన వేలికి లేచొచ్చింది.
అంత తేలికదాన్ని నమ్మను.
ఇంజను వణుక్కి అతుకు దగ్గర
జుత్తంత గీత పడుతుంది,
ఏ దిగుడులోనో రెండుగా విడిపోతుంది,
నేనొకవైపు, రస్కులొకవైపు.

ఆడపిల్లల సైకిలుకి పై గొట్టం లేదు.
ఒడి ఉంది, చూరు లేదు.
గేరు సైకిలు ముక్కోణంలో నా పిడికిలే పట్టలేదు.
పాలవాడి నల్లదాన్ని రెంచీతో కొట్టాను.
ఖంగుమనలేదు, టప్‌మంది.
పెడలు గుండు కింద గోరు పెడితే
రంగు అప్పడంలా ఊడొచ్చింది.
"నువ్వు సైకిలు కొంటన్నావా, పిల్లనిత్తన్నావా?"

అయిదోది అడుగున ఉంది.
కీళ్ళకి తొడుగులున్న పాతకాలపు ఉక్కు.
రెండు చేతులా లాగాల్సొచ్చింది.
హేండిలు మెడ నుంచి వెనక చెవుల దాకా
పురికోస బిగించి చూశాను:
ఇటు రెండు వేళ్ళు, అటూ రెండు వేళ్ళే.
ఇంజను కొలతకి కత్తిరించుకొచ్చిన
రస్కుల పెట్టె అట్టని ముక్కోణంలో పెట్టాను.
పడలేదు. నిలబడింది.

అప్పుడు చూశాను, పై గొట్టం మీద
జానెడు ఎడంగా రెండు ఉంగరాల అచ్చులు.
చిన్న సీటు బిగించిన చోటు.
కింది గొట్టానికి అటూ ఇటూ
అరచేతిలో పట్టేంత మేర రంగు లేదు.
చెప్పుల్లేని కాళ్ళు రెండు
ఏ బడికో, ఏ ఆస్పత్రికో
తన్నుకుంటూ వెళ్ళిన చోటు.

"ఎవరిదిది?"
"పాతినుముకి ఇంటిపేరుంటాదేటి?
ఇనుమైతే రెండొందల నలబై.
అట్టముక్కెట్టి సూసీసినావు గదా,
ఇంక ఫ్రేమే. నాలుగొందలు."

మూడొందల ఎనబైకి ఇచ్చాడు.

పెట్రోలు ట్యాంకు పై గొట్టం మీదే పెట్టాలి.
బెత్తెడు ముందుకి జరిపితే హేండిలు తిరగలేదు,
వెనక్కి జరిపితే నేను కూర్చోలేను.
చివరికి ఆ రెండు అచ్చుల మీదే
రబ్బరు ముక్క చుట్టి బిగించాను.

ఇప్పుడు ఎత్తులన్నీ ఇంజనువే.
కాళ్ళకి పని లేదు.
అయినా గతుకొచ్చిందంటే చాలు
మోకాళ్ళు రెండూ, కుడిదీ ఎడమదీ,
నన్నడక్కుండా దగ్గరికొచ్చి
ట్యాంకుని పట్టుకుంటాయి.