దగ్గు రాని దగ్గు

వైనతేయ వంతెన మీద బస్సు నెమ్మదించింది.
కోడలు కిటికీ వైపు మొహం పెట్టి అడిగింది:
"ధనుర్వాతం సూది అయిపోయిందిగా అత్తయ్యా,
మళ్ళీ ఇదెందుకు?"

నేను చెప్పలేదు.
ఒళ్ళో సంచీ, సంచీలో ఫైలు,
ఫైలు మడతలో దింపు డబ్బులు.
ఈ విడత కాయకి ధర లేదు.
అయినా సరిపోతాయి, రెండుసార్లు లెక్కేసేను.

నీ మొగుడి కంటే ముందు
నాకొకడు పుట్టేడే.
పేరు లేదు. ఇరవై ఒకటో రోజున
ఉయ్యాల్లో వేసి పిలుద్దామనుకున్నాం.

ఆడపడుచు కూతురు చూడ్డానికొచ్చింది.
ఆరేళ్ళ పిల్ల. దగ్గి, దగ్గి, దగ్గి,
చివర్న పుంజు కూసినట్టు ఊపిరి లాగేది.
కోరింత దగ్గని అందరికీ తెలుసు.
ఎవరో తాటిపాక నుంచి గాడిద పాలు తెచ్చేరు.
పిల్లకి పట్టేరు. వాడి నాలిక మీదా రెండు చుక్కలు.
పిల్ల బతికింది. మొన్ననే అమ్మమ్మయింది.

వాడు దగ్గలేదు.
దగ్గితే వినేదాన్ని కదా.
పాలు తాగుతూ తాగుతూ ఆగేవాడు,
పెదాలు నేరేడు పండు తిన్నట్టయ్యేవి,
కాసేపటికి మళ్ళీ ఎర్రబడేవి.
ఊపిరి మర్చిపోతున్నాడనుకున్నాను.
పసివాడు, గుర్తు చేసుకుంటాడులే అనుకున్నాను.
పంతొమ్మిదో రోజు తెల్లారగట్ట
గుర్తు చేసుకోలేదు.

"బిడ్డకి మొదటి సూది నెలన్నరకి,"
అంది మా నర్సు ఎస్తేరు రాణి
అరుగు మీద కూర్చుని చీటీ రాస్తూ.
"ఆ నెలన్నరా కాపలా ఎవరు పిన్నీ?
తల్లికి ఏడో నెల్లో వేయిస్తే
తల్లి ఒంట్లో తయారైన బలం మాయ దాటి లోపలికి పోద్ది.
మా సెంటర్లో లేదు. అమలాపురం వెళ్ళండి."

మిగతాది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.
మా ఆయన ముప్పై ఏళ్ళు లాకుల మీద లస్కరు.
శివారు నారుమడి నెర్రెలిచ్చాక
తలుపులెత్తి ఏం లాభం?
నీళ్ళు నడిచి రావాలి కదా.
"ఎన్నాళ్ళు పడుద్ది?" అన్నాను.
"రెండు వారాలు," అంది,
నేను కాలవ గురించి అడిగేననుకోలేదు.

డాక్టరమ్మ ఫ్రిజ్ తలుపు తీసింది.
కోడలు కళ్ళు మూసుకుంది. నేను మూసుకోలేదు.
చీమ కుట్టినంత సేపు. అంతే.
"పుట్టేక దగ్గేవాళ్ళెవర్నీ దగ్గరికి రానివ్వకండి."
"మావాడు చుట్ట మానడండి, దగ్గుతానే ఉంటాడు," అన్నాను.
"తండ్రయినా సరే."
"అయితే కొబ్బరి పాకలో పడుకుంటాడు లెండి."
కోడలు అప్పుడు నవ్వింది,
సూది పడ్డ చెయ్యి పట్టుకుని.

రాత్రి ఆ చెయ్యి నొప్పంది.
తడిగుడ్డ వేసి పక్కన కూర్చున్నాను.
నిద్రపట్టేక దాని ఊపిరి లెక్కపెట్టేను.
పక్కన ఎవరు పడుకున్నా పెడతాను,
ముప్పైనాలుగేళ్ళ అలవాటు.

పొద్దున్నే టీ తాగుతూ,
"ఇరవై ఒకటో రోజుకి మా వాళ్ళందర్నీ పిలుద్దాం," అంది.
"ఆరు వారాలు దాటనీ,
మొదటి సూది పడనీ," అన్నాను.
"ఎందుకత్తయ్యా?"

గ్లాసు కింద పెట్టేను.
చెప్పేను.