నా దగ్గర కాపీ లేదు

అర్ధరాత్రి దాటాక మా ఆయన టీ తెస్తాడు,
వెనక్కి వెనక్కి నడుస్తూ,
గోడ మీది క్యాలెండర్ని చూస్తూ.
నా తెర మీద పరాయి ఆడవాళ్ళ పెళ్ళి ఉంది మరి.
ఏసీలు బాగుచేసే చెయ్యి
బల్లని తడిమి తడిమి కప్పు పెట్టి పోతుంది.
సాల్మియాలో మాది ఒకటే గది.

హాలు గుమ్మంలోనే ఫోన్లన్నీ గుడ్డసంచుల్లోకి పోతాయి.
లోపల కన్నున్నది నా కెమెరాకే.
రెండువేల ఆరువందల చిల్లర ఫోటోలు.
ఊదా లైట్లు, బఖూర్ పొగ,
ముఖాలన్నీ నేరేళ్ళు తిన్న నాలుకల్లా.
ఒక్కొక్క ముఖం కడుగుతాను,
ఇంట్లోవాళ్ళు గుర్తుపట్టే రంగుకి తెస్తాను.
ఉమ్ ఫహద్ "ఇంకొంచెం తెలుపు" అంటుంది.
ఇంకొంచెం ఎక్కడ ఆగుతుందో
ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు.

నిన్న ఆమె గొంతు మెసేజీ:
ఆడపడుచు గడ్డం కింది మడత తియ్యి,
ఒలికిన జ్యూసు తియ్యి,
ఆ పనిమనిషి చెయ్యి,
అన్నిట్లోంచీ తియ్యి.

ఆ చెయ్యి నాకు తెలుసు.
మోచేతి కింద పచ్చబొట్టు తేలు.
ఓబులమ్మ, చిట్వేలి.
మా పుల్లంపేట నుంచి బస్సెక్కితే ఎంతసేపని!
వంటగది గడప మీద నా పళ్ళెంలో అన్నం పెడుతూ చెప్పింది,
దలాల్ పుట్టకముందు ఏడాది వచ్చిందట.

పదకొండువందల నలభై ఏడో ఫోటో.
మెట్టు మీద గౌను అంచు మడమకి తగులుకుంది.
"అమ్మీ, మెల్లగ" అంది ఓబులమ్మ.
మా పక్క ఆడపిల్లని అట్లనే పిలుస్తాం.
వేదిక మీద ఉమ్ ఫహద్ తలెత్తింది,
అరబ్బీ చెవికి అది ఉమ్మీ, అమ్మని పిలిచే మాట.
పెళ్ళికూతురు మాత్రం వెనక్కి తిరిగింది.
తిరిగి నవ్వింది.
ఆ రాత్రి నవ్విన మిగతా నవ్వులన్నీ
నేను నవ్వమంటే నవ్వినవి.

చెరపడం పెద్ద పనేం కాదు.
పక్కనున్న గులాబీలు తెచ్చి తేలు మీద పరిచాను.
నెరిసిన పాపిట మీద ఇంకో నాలుగు.
గంటన్నర పట్టింది.
ఇప్పుడు దలాల్
పూలస్తంభాన్ని చూసి నవ్వుతోంది.

మొత్తంలో ఉమ్ ఫహద్‌కి అదే నచ్చింది,
గోడంత సైజు కావాలంది.
"పెళ్ళికొడుకు లోపలికొస్తున్నాడుగా, చూడు ఎట్లా నవ్వుతోందో!"
అతను వచ్చింది రెండున్నరకి.
ఫోటో టైము పన్నెండూ ఇరవై.
నేనేమీ అనలేదు.
సగం డబ్బు ఇంకా రావాలి.

ఇవ్వడానికి సుర్రా దాకా నేనే పోయాను.
మఖ్మల్ పెట్టెలో ఒక డ్రైవు,
నా దగ్గర కాపీ ఏదీ లేదని
నేనే సంతకం చేసిన కాగితం.
తలుపు తీసింది ఓబులమ్మ.
అరచేతులకి పిండి,
పెట్టెను ముంజేతుల మధ్య ఇరికించుకుంది.
"నేనేమన్నా పడినానా మ్మే, ఫోటోలో?"

మెట్టు పాలరాయిది. అద్దంలా తుడిచి ఉంది ఆ రాత్రి.
అందులో తలకిందులుగా ఒక చెయ్యి
గౌను అంచు పట్టుకునే ఉంది.
చూసుకోక వదిలింది కాదు.

"కింద, నేల మీద చూడు" అన్నాను.

ఆమె గుమ్మం ముందు నేలకేసి చూసింది.
"పొద్దన్నే తుడిచినానే" అంది.

ఇంటికొచ్చి చెత్తబుట్ట తెరిచాను.
శాశ్వతంగా తొలగించమంటారా, అడుగుతోంది కంప్యూటర్.
వేలు అట్లనే ఉంది.
వెనక తలుపు కిర్రుమంది, అల్లం వాసన.
"ఐపోయిందా? ఇప్పుడన్నా తిరగొచ్చా?"
క్యాలెండర్ని అడుగుతున్నాడు.